నలభై లెక్కపెట్టేలోపు

నారిన్‌లో జనవరి. తెల్లవారుజామున
తాళంచెవి తిప్పితే
నా పాత ఆడీ ముందు మూలిగింది.
తర్వాత బానెట్ కింద ఎవరో
లోపలివైపు నుంచి తలుపు కొడుతున్నట్టు
టక, టక, టకటక.
నలభై లెక్కపెట్టేలోపు ఆగిపోయింది.

ఆగిపోవడమే అసలు చిక్కు.
సత్తార్‌కుల్ షెడ్డు వంతెన దాటాక, ఊరికి ఆ కొసన.
అక్కడికి చేరేసరికి బండి ఒళ్ళు వేడెక్కి
నంగనాచిలా నిలబడుతుంది.
"ఏదీ చప్పుడు?" అంటాడు.
బానెట్ మీద వేళ్ళతో కొట్టి చూపిస్తాను,
ఇదిగో, ఇలా.
టీ తాగుతున్న లారీవాళ్ళు నవ్వుతారు.
వైద్యుడి గుమ్మం తొక్కగానే
పంటినొప్పి పోయినవాడి మొహం నాది.

మూడోసారి ఆయన చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.
"సరిగ్గా చెప్పు.
టిక్కుటిక్కా? టకటకా? లొడలొడా?
డబ్బాలో ఎండుగింజ ఆడినట్టా,
దుంగ మీద సుత్తి పడినట్టా?
గ్యాస్ తొక్కితే గట్టిపడుతుందా, ఊరికే వేగం పెరుగుతుందా?"

పదకొండేళ్ళుగా అట్‌బాషి దారిలో టాక్సీ తోలుతున్నాను.
ఒక్క చప్పుడుకి ఇన్ని పేర్లున్నాయని తెలీదు.
అదే చెప్పాను.
"అయితే నేనే వస్తాను.
నేనొచ్చేదాకా దాన్ని నిద్ర లేపకు."

వచ్చాడు, ఐదింటికి, మైనస్ ఇరవై ఎనిమిదిలో.
ఒక జేబులో పొడుగాటి స్క్రూడ్రైవరు,
ఇంకో జేబులో గట్టిపడ్డ బోర్సోక్ ముక్కలు.
ఎడమచెవి ఆయనకి ఎప్పుడో ట్రాక్టర్ల కాలంలోనే పోయింది.
కుడిచెవి వెనక ఎముకకి పిడి ఆనించి,
కొసని ఇంజిను ఒంటికి తాకించి
"తిప్పు" అన్నాడు.

తిప్పాను.
కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి మీసాల మీద పేరుకుంటోంది.
కొస పైకవరు మీంచి కిందికి దిగి
ఒక్కో సిలిండరు దగ్గరా ఆగుతూ నడిచింది.
మా మేరిమ్ రబ్బరు తొడుగులేసుకుని
ఆయన తలూపినప్పుడల్లా ఒక ప్లగ్గు వైరు పీకి మళ్ళీ తగిలించింది.
మొదటిది. మార్పులేదు.
రెండోది. లేదు.
అంతలో చప్పుడు పారిపోయింది.
"రేపు" అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు మూడోది పీకగానే
మాట మధ్యలో ఎవరో గదిలోకొచ్చినట్టు
అది గొంతు తగ్గించింది.

"నువ్వు టకటక అన్నావు. ఇది లొడలొడ.
పిస్టను. చలికి ముడుచుకుని, ఇంట్లో వదులైపోయి
గోడకీ గోడకీ తగులుకుంటోంది.
వేడి తగిలితే ఒళ్ళు చేసి కుదురుకుంటుంది.
ఇలాగే ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతుంది, వదిలెయ్.
దాని వెనక ఇంకోటుంది, విన్నావా?"

వినలేదు.

"మొట్టమొదటి రెండు సెకన్లు. సన్నగా, పైన.
రాత్రంతా నూనె కిందికి జారిపోతోంది.
పొద్దున్నే ఇనుము మీద ఇనుము, తడి లేకుండా.
ఫిల్టరు ఎక్కడ కొన్నావు?"

బజారులో, గొంగళి మీద పరిచి అమ్ముతుంటే కొన్నాను.
బేరమాడి గెలిచానని ఆ వారమంతా చెప్పుకున్నాను కూడా.
విప్పి చూపించాడు:
నూనెని పట్టి ఉంచాల్సిన రబ్బరు నాలుక
అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది.
ఏమీ అనలేదు. బోర్సోక్ ఒకటి నా చేతిలో పెట్టాడు.
కొరికితే పన్ను కదిలింది.

ఫిల్టరు మార్చాం. పల్చటి నూనె పోశాం.

ఇవాళ ముందుసీట్లో ఒక ముసలామె,
ఒళ్ళో ఉల్లిపాయల బస్తా.
తాళంచెవి తిప్పాను. రెండు సెకన్లు నిశ్శబ్దం.
చెవులు రిక్కించి విన్నాను, నిశ్శబ్దమే.
తర్వాత అది మొదలైంది.
"ఏమిటమ్మా ఆ చప్పుడు?" ఆమె బస్తా గట్టిగా పట్టుకుంది.
"లొడలొడ" అన్నాను, ఇంట్లోవాళ్ళ పేరు చెప్పినట్టు.
"మూడో సిలిండరు. నలభైకి వెళ్ళిపోతుంది."

నమ్మలేదు.
చేతితొడుగు లోపలే వేళ్ళు కదుపుతూ
లెక్కపెట్టడం మొదలుపెట్టింది.