రెడాక్సైడ్

ఈ ఊళ్లో ఇనుముకి ఆయుష్షు తక్కువ.

లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే రెండు కొబ్బరి మట్టల మధ్య
చేతిరుమాలంత సముద్రం.
ఆ రుమాలుకే నెలకి ఐదొందలు ఎక్కువన్నాడు ఇంటాయన.
సరేనన్నాను.
బేరమాడ్డం అప్పటికింకా రాదు.

అంతకు ముందు పదకొండేళ్లు
అన్నయ్య వాళ్ల మధ్యగదిలో ఉన్నాను.
మంచివాళ్లే.
ఫ్యాను స్విచ్చి వేసే ముందు
ఎవరి మొహమో చూసేదాన్ని, అంతే.
కూర బాగుందని ఎవరైనా ముందంటే
నాకూ బాగుండేది.

ఇక్కడికొచ్చిన మొదటి నెల
రాత్రి తొమ్మిదికి ఒక్క గిన్నె కడిగేసి
ఇంకేం చెయ్యాలో తెలీక
గది మధ్య నిలబడిపోయేదాన్ని.
గిన్నె ఎక్కడ బోర్లించినా
ఎందుకక్కడ అనేవాళ్లు లేరు.
స్వేచ్ఛంటే ఇంతేనా అనిపించి
దాన్ని రెండుసార్లు చోటు మార్చాను.

వానలు వెనక్కి తగ్గేసరికి
తలుపు బందులు మూలగడం మొదలెట్టాయి.
ఊచ మీద వేలు రాస్తే
మిరపపొడిలాంటి పొడి.
ఉప్పుగాలికి పళ్లుంటాయి ఇక్కడ,
యారాడ కొండ చుట్టి వచ్చి
రాత్రంతా కూచుని కొరుకుతుంది.

ఇంటాయనకి మూడుసార్లు ఫోన్ చేశాను.
ఇదిగో అన్నాడు, అదిగో అన్నాడు.
అన్నయ్యకి చెయ్యబోయి
పేరు దగ్గర వేలు ఆపాను.

పూర్ణా మార్కెట్లో పైడిరాజు కొట్టు.
"ఏటి కావాల మేడంగోరూ?"
"తుప్పు పట్టకుండా ఏదైనా..."
నవ్వాడు.
"ఇశాపట్నంలో తుప్పుకి మందు నేదమ్మా.
గోకీయాల, పూసీయాల.
మల్లీ ఏడు మల్లీ గోకాల."
గరుకు కాగితాలు నాలుగు, అరలీటరు రెడాక్సైడ్,
రెండంగుళాల బ్రష్షు, చిన్న సీసాడు టర్పెంటైన్.
మూడొందల డెబ్భై అన్నాడు.
మూడొందల ఇరవై, అన్నదో గొంతు.
నాదే.

ఆదివారం పొద్దున్నే మేనేజర్ ఫోను.
ఓడేదో ముందే వచ్చేసిందట, కాగితాలు చూడాలట.
"ఇవాళ కుదరదండీ, పనుంది."
ఏం పని అన్నాడు.
"కిటికీ."
అవతల కాసేపు ఏమీ వినపడలేదు.
ఓడ నేను లేకుండానే లంగరేసుకుంది.

మొదటి గంట కోపంగా గోకాను,
ఎవరి మీదో అడక్కండి.
వేలి కణుపులు చెక్కుకుపోయాయి.
రెండో గంటకి చెయ్యి తనంతట తనే దారిలో పడింది.
ఎక్కువ నొక్కితే ఇనుమే అరుగుతుంది,
తక్కువ నొక్కితే తుప్పు కదలదు.
మధ్యలో ఎక్కడో ఉంది ఆ ఒత్తిడి,
మణికట్టుకి తెలుస్తుంది,
నోటితో చెప్పలేను.

పై ఊచ అందలేదు.
కిందింటి సన్నెమ్మగారిని స్టూలు అడిగాను.
అడక్కుండా ఏ పనీ చెయ్యలేని రోజులున్నాయి నాకు,
చచ్చినా ఎవర్నీ అడగకూడదనుకున్న రోజులూ ఉన్నాయి.
ఇవాళ స్టూలు కావాలి, అడిగాను.
ఆవిడ స్టూలుతో పాటు తనూ వచ్చి
మంచమ్మీద కూచుని
వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ
"అమ్మీ, ఆ మూల ఒగ్గీసినావు" అంది.
నిజమే, వదిలేశాను.

సాయంత్రానికి కిటికీ మొత్తం ఎర్రగా,
అద్దం లేకుండా పెట్టుకున్న లిప్‌స్టిక్‌లా
అక్కడక్కడా గీత దాటి.
రంగు ఆరేదాకా రెక్కలు మూయకూడదు.
అందుకని తెరిచే పడుకున్నాను.
గాలి వచ్చింది, రోజూ వచ్చేదే,
ఊచల దగ్గర కాస్త ఆగినట్టనిపించి
నా మీంచి వంటగదిలోకి పోయింది.

సంతోషంగా ఉన్నావా అని
మర్నాడు అన్నయ్య ఫోన్లో అడిగాడు.
చేతులు లాగుతున్నాయన్నాను.
గోళ్లలో ఎరుపు ఇంకా వదల్లేదన్నాను.
అదికాదే అన్నాడు.
అదే అన్నాను.

డబ్బాలో పావు వంతు మిగిలింది.
మూత బిగించి
దాని మీద తారీఖు రాసిపెట్టాను.