తొమ్మిది తప్పులు

బెర్గెన్‌లో మూడు వారాలుగా వాన.
ఓడ్నీ కింది రెప్పలో కాగితపు ముక్క దోపి
ఐదు నిమిషాలు గడియారం చూశాం.
తడి మూడు మిల్లీమీటర్లు పాకి ఆగిపోయింది.
కిటికీ అద్దానికి ఏ కొలతా అక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళు ఫెర్రీ మీద రేవుల పేర్లు పిలిచిన గొంతు.
ఇప్పుడు రేవు రేవుకీ ఒక గుక్క నీళ్ళు,
రొట్టె దిగాలంటే సూపులో నానాలి.

కంచే చేను మేసిందంటారు, సరే.
కంచెకు పళ్ళెలా మొలిచాయి?
అది చూడడమే నా కొలువు.

ఆమె కింది పెదవి లోపల
ఆవగింజంత గ్రంథి తీసి పలచగా కోశాను.
లాలాజలం ఊరాల్సిన చోట
గుండ్రంగా గుమిగూడిన కణాలు.
అదొక బడి. ఎవరినీ అడక్కుండా వెలిసింది.
ప్రతి కణమూ తన పాఠాన్ని ఎత్తిరాస్తుంది,
రాసేటప్పుడు ఎక్కడో ఓ అక్షరం తప్పుతుంది.
ఏ తప్పు గట్టిగా పట్టుకుంటే
ఆ తప్పు పాసు.
వదులు చేతులవాళ్ళకు అన్నం లేదు,
తెల్లారేసరికి పేరు కూడా ఉండదు.
పట్టుకున్నది ఎవరి ఒంటినో
అక్కడ అడిగే నాథుడు లేడు.

ఒక్క కణాన్ని ఏరి, దాని యాంటీబాడీని
సీసాలో మళ్ళీ పుట్టించాను.
ఓడ్నీ ఒంట్లో కణకణానా ఉండే ఒక ప్రొటీన్ని
ఉడుంపట్టు పట్టింది.

ఇక వెనక్కి నడిచాను.
తప్పిన అక్షరాన్ని ఒక్కొక్కటే చెరిపి
పుట్టినప్పటి అక్షరం పెట్టాను.
మూడు చెరిపినా చలించలేదు.
ఐదోదానికి కొంచెం జారింది.
తొమ్మిదోది తీసిన రాత్రి
యంత్రం మీద గీత నేలబారుగా పోయింది.
మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.
పుట్టినప్పుడు దానికి ఓడ్నీ ఎవరో తెలీదు.
ఎప్పటిదో ఏదో జ్వరాన్ని పట్టడానికి బయల్దేరి ఉంటుంది
(ఇది నా ఊహ, రిపోర్టులో రాయను).

హల్వర్ కాఫీ కలుపుతూ అన్నాడు:
"నిర్దోషి అని తేల్చావు. మరి విడుదల?"

సీసాలోనే చెరపగలను.
ఆమెలో ఆ బడిగంట
ఇవాళా మోగే ఉంటుంది.

ఓడ్నీకి ఇదంతా చెప్పాను, చెప్పకూడదేమో.
నీళ్ళ సీసా మూత తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.
"అంటే, బాగా చదివిందన్నమాట."
"క్లాసులో ఫస్టు."
"నేను లెక్కల్లో తప్పాను," అని నవ్వబోయి
పెదవి చిట్లి ఆగింది.

గొడుగు మర్చిపోయి వెళ్ళింది.
నేను పట్టుకుని కిందికి దిగేసరికి
ఆసుపత్రి మెట్ల మీద
మొహం పైకెత్తి నిలబడి ఉంది,
రెప్ప వెయ్యకుండా.