ఐతబ్

రాత్రి రెండున్నర. హీటరు గొట్టం టిక్కుటిక్కుమంటోంది.
పక్కగదిలో మళ్లీ అదే చప్పుడు,
ఎండుటాకుల మీద ఎలుక నడిచినట్టు.
తూలె గోక్కుంటోంది.

నూలు తొడుగులు వేసి, మణికట్ల దగ్గర ముడేసి పడుకోబెట్టాను.
ఆరేళ్ల పిల్ల, పళ్లతో విప్పేసింది.
దుప్పటి మీద చుక్కలు,
మంచులో రాలిన రోవన్ పళ్లంత ఎర్రగా.

"గోకకు" అంటాను.
నిన్న ఎన్నిసార్లన్నానో లెక్క లేదు,
నా ఉద్యోగమే లెక్కపెట్టడమైనా.

పగలు, గడ్డకట్టిన ఎమయొగి మీది వంతెన దాటి ల్యాబుకి వెళ్తాను.
నలభై గొట్టాలు. పేర్లుండవు, అంకెలే.
మంగళవారం తూలె కూడా ఇచ్చింది రెండు చెంచాల నెత్తురు,
ఏడవకుండా, నక్క బొమ్మ స్టిక్కరు కోసం.
ఈ నలభైలో ఎక్కడో ఉంది.
ఎక్కడో తెలీదు కనక
అన్నిటినీ మెల్లిగా పట్టుకుంటాను.

లేజరు ముందు నుంచి కణాలు ఒక్కొక్కటే వెళ్తాయి,
పాస్‌పోర్టు చూపించే వరుసలా.
తెర మీద చుక్కలు మూగుతాయి.
రేగిపోయేవి కింద, గుంపుగా.
ఆ పై మూలన, పల్చగా, సర్దిచెప్పేవి.
ఫైల్లో రెగ్యులేటరీ టి కణాలని రాస్తాం.
నాకు మాత్రం అవి
గోటితో పోయేదానికి గొడ్డలెత్తిన చేతిని
వెనక నుంచి పట్టుకునేవి.
ధూళి పురుగు, బిర్చి పుప్పొడి, పిల్లి నూగు,
వీటి మీదా నీ యుద్ధం? దించు, అనేవి.
వెంట్రుక కుదుళ్ల దగ్గర కాపురముంటాయి.

కింది గదిలో ఒక ఎలుక ఉంది, ఆ కణాలు తయారవనిది.
మూడు వారాలకే చెవులు పొలుసులు, తోక పొలుసులు.
దాన్ని చూసిన రోజు మధ్యాహ్నం
రొట్టె సంచీలోనే ఉండిపోతుంది.

తూలెకీ ఇవి తక్కువేమో అనుకున్నాను.
తక్కువైనా బావుణ్ణు,
తక్కువని రాసి గౌను విప్పేసేదాన్ని.
ఎగ్జిమా పిల్లల గొట్టాల్లో నిండుగా ఉన్నాయి,
కొన్నిట్లో మామూలు కంటే ఎక్కువే.
ఉండీ ఆపలేకపోతున్నాయి.
కంచెలో కొన్ని ముళ్లు చేను వైపు తిరిగాయి.
మిగతావి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాయి.

నాలాగే.

మా భాషలో చాలు అన్నా, సాయపడుతోంది అన్నా
ఒకటే మాట. ఐతబ్.
గ్లాసు నిండితే ఐతబ్. మందు పనిచేస్తే ఐతబ్.
పుట్టినప్పట్నుంచీ అంటున్న మాటే,
ఆ తెర ముందు కూర్చున్నాక గానీ
రెండోవైపు తిప్పి చూడలేదు.

రెండూ నలభై.
ఈసారి ఏమీ అనను.
కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి, చల్లబడ్డాక
తూలె మోచేతి మడతలో పెడతాను.
మంట నా చేతిలోకి పాకుతుంది.
ఆ చర్మం కింద, ఏ కుదురు దగ్గరో,
ఎవరో ఎవరికో నచ్చజెబుతూ ఉండొచ్చు.
నాకు వినపడదు.

గోళ్లు నెమ్మదించాయి.
కళ్లు తెరవకుండానే అంది, "ఐతబ్."

చెయ్యి తియ్యాలో,
ఉంచాలో.