టికెట్టు వెనక

బతుకమ్మ పండుగ పోయిన పదో దినం
హన్మకొండ చౌరస్తల చిట్టీల ఆఫీసు షట్టర్ దిగింది.
దాని మీద చాక్‌పీసుతోని ఎవరో రాసిన్రు:
దొంగలు లోపల లేరు, ఓట్లడుగుతాన్రు.

నాది లక్ష చిట్టీ. నెలకు ఇరవై ఐదొందలు.
ముప్పై ఏడు నెలలు కట్టిన,
ఇంక మూడైతే ఎత్తుకుందు.
ముప్పై ఏడు నెలలంటే ఎన్ని జంపఖానలో
కొత్తవాడల మగ్గం మీద నడుము వంచినోళ్లకే ఎరుక.
మా ఆయన సారంగపాణి
రంగు బకెట్ల ముందల కూసుంటడు,
నీలం ఏదో నలుపు ఏదో పోల్చుకోడు.

మా ఇంట్ల ఓటుది ఒకటే తొవ్వ.
మామ వేసిన గుర్తుకే అత్త, అత్త వేసిన గుర్తుకే నేను.
చీర కట్టుడు నేర్చినట్టే నేర్చిన.
ఆ గుర్తాయననే మొన్నటేడు
ఈ ఆఫీసుకు రిబ్బన్ కత్తిరించింది.
రెండో గుర్తాయనకు కంపెనీ చైర్మన్
సొంత బావమరిది.
ఇద్దరూ ఒకటే దినం వచ్చిన్రు మా గల్లీకి,
ఒకలు పొద్దుగాల, ఒకలు దీపాలు పెట్టే యాళ్ల.
పైసల సంగతేంది సారూ అంటే
ఇద్దరూ "అవుతలోన్ని అడుగమ్మా" అన్నరు.

మూడోడు ఓదెలు.
పరకాల బస్సుల కండక్టర్ చేసి దిగిపోయినోడు.
గుర్తు కత్తెర. జీపు లేదు,
మనుమరాలి సైకిల్‌కు కట్టిన మైకు,
మాట కంటే దగ్గు ఎక్కువ వినపడ్డది అండ్లకెళ్లి.

నాకు ఒకటి యాదికున్నది.
పెండ్లయిన కొత్తల ఆత్మకూరు కాడ ఎక్కిన.
యాభై నోటిస్తే చిల్లర లేదని
టికెట్టు వెనక ముప్పై ఎనిమిది రాసి సున్న చుట్టిండు.
మరిచిపోయి ములుగు రోడ్డుల దిగిన.
బస్సు కదిలింది, మళ్ల ఆగింది.
ఉరికొచ్చి పైసలు చేతుల పెట్టి
టికెట్టు తీసుకొని రెండు ముక్కలు చేసిండు:
"బాకీ చెల్లినంక కాయిదం ఉండొద్దు బిడ్డా."

వారమంత ఇంట్ల, నల్లా కాడ, అదే కొట్లాట.
ఓదెలుకేస్తే మోరిల పోసినట్టే అన్నడు పక్కింటి రాజనర్సు.
చిట్టీల పోసినంక
ఏది మోరి, ఏది డబ్బ అన్న నేను.
"గెలిచెటోనికే వెయ్యాలె, గెలిచినోన్నే అడగొచ్చు"
అన్నడు మా ఆయన.
ముప్పై ఏండ్లు గెలిచినోల్లకే వేస్తిమి గద,
ఏమడిగినం?
ఆయన కండె చుట్టుకుంట ఊకున్నడు.

బడిల మిషన్ అట్టపెట్టె చాటున ఉన్నది.
నల్లబల్ల మీద ఏడో ఎక్కం సగం తుడిచి ఉన్నది.
వేలు దానంతటదే పాత గుర్తు కాడికి పోయింది,
మాపటీలి ఎద్దు దొడ్డికి పోయినట్టు.
గుంజుకున్న.
మళ్లొకసారి పోయింది.
వెనక లైన్ల ఎవరో ముసలమ్మ
"కానియ్ బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయ్" అన్నది.
అటెనక బీప్.

ఆ రాత్రి అన్నం తినుకుంట
ఆయన నా వేలు మీది సిరా చూసిండు, నేను ఆయనది.
ఎవ్వలం అడగలే.

ఓదెలుకు రెండు వేల నూట పన్నెండు వచ్చినయ్.
"డిపాజిట్ పోయిందట!" అని నవ్విండు రాజనర్సు.
నవ్వు సగంల ఆగింది.
ఆయనదీ అండ్లనే ఉండె, నాలుగు లక్షలు.

సోమవారం షట్టర్ ముందల మా లైన్ల ఓదెలు నిలబడ్డడు.
సంకల మిగిలిన కరపత్రాల కట్ట.
ఒకవైపు ఆయన మొఖం, కత్తెర. ఇంకోవైపు తెల్లగ.
పేరడిగి, ఎన్ని నెలలు కట్టినవని అడిగి
ఆ తెల్లదాని మీద రాసిస్తున్నడు ఒక్కొక్కలకు.
నాది తొంభై రెండు వేల ఐదొందలు.
చుట్టూ సున్న.

"ఇదేం పనికొస్తది కాకా?" అన్న.
దగ్గు ఆగేదాక నిలబడి
"దిగేదాక దగ్గర పెట్టుకో" అన్నడు.