ఆరబెట్టి ఇస్తాం

వాల్పరాయిసోలో జూన్ అంటే
సముద్రం మీంచి లేచిన మంచు
కొండ మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి
మా వంటింటి దండెం మీద కూర్చోవడం.
మూడు రోజులుగా అదే చొక్కా,
ఆరదు,
తడిగా ఉన్నానని ఒప్పుకోదు.

అప్పటికే నా యాప్‌కి పేరుంది: నురగ.
నురగకో బొమ్మ, బొమ్మకో నీలం,
ఆ నీలంలో పదకొండు రకాలు,
నాలుగు నెలల రాత్రులు.
ఆలూ లేదు చూలూ లేదు,
సోమలింగానికి మాత్రం
లాగిన్ పేజీ సిద్ధం.

మిరేయా కాత్రిలేయో చూసింది.
ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్లు
పక్కదుప్పట్లు మడతపెట్టిన చేతులు.
ఫోను తిరిగిచ్చేస్తూ అడిగింది:
"ఎవరడిగారు దీన్ని?"
మార్కెట్, అన్నాను.
"అదెవరు? ఏ మెట్టు మీద ఉంటుంది?"

ఆ రాత్రే పాత క్యాలెండరు చింపి
నెలల వెనక తెల్లటి వైపున రాసింది,
ఇరవై కాగితాలు, ఒకే మార్కరు:
బట్టలు ఉతికి ఇస్తాం. సంచి మూడు వేల పెసోలు.
కింద చింపుకుపోయేలా
పది తోకలు, ఒక్కో తోక మీద తన నంబరు.
మనకు వాషింగ్ మెషీనే లేదు కదా, అన్నాను.
"ఎవరైనా పిలిస్తే కదా, లేదని తెలిసేది."

ఫ్రిజ్ మీద మరో చీటీ:
పదిహేనో తారీకుకి పది సంచులు. లేకపోతే ఆపేద్దాం.
ఓటమిని ముందే కొలిచి పెట్టుకోవడం
నాకు అపశకునంలా తోచింది.

మొదటి వాన మూడు కాగితాల సిరా తాగింది.
ఒకదాని మీద ఎవరో కుక్క బొమ్మ గీశారు,
బాగానే గీశారు.
వారానికి తెగిన తోకలు ఏడు.
మోగిన ఫోన్లు మూడు.
ఒకాయనకు కిరోసిన్ కావాలట.

మిగతా ఇద్దరి ఇళ్లకీ నడిచే వెళ్లాం.
నూట అరవై మూడు మెట్ల పైన డాన్ ఎలెయుతేరియో,
ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు,
తొట్టి నిండా పిండిన చొక్కాలు చూపించాడు.
"ఉతకడం నాకు రాదనుకున్నారా?
సూర్యుణ్ణి తేగలరా, చెప్పండి."
కవలలను చెరో చంకలో ఎత్తుకున్న గ్రసీలా
తలుపు పూర్తిగా తెరవకుండానే అంది:
"తడివే తీసుకుపోండి, చాలు."

దిగుతూ నేను వాదించాను.
నురగ లేకపోతే పేరేం కావాలి? బొమ్మేం కావాలి?
మిరేయా దారిలోనే స్తంభం దగ్గర ఆగి
మార్కరు మూత పళ్లతో లాగి
"ఉతికి" కొట్టేసింది,
పైన "ఆరబెట్టి" అని రాసింది.
నాలుగు నెలలు,
ఒక్క గీత.

ఆమె చెల్లెలి బేకరీలో
తెల్లవారు రొట్టెలు దిగాక
పొయ్యి వెనక గోడ మధ్యాహ్నం దాకా వేడిగా ఉంటుంది.
అక్కడ తాళ్లు కట్టాం. నేను సంచులు మోశాను.
ఏ ఇంట్లో ఎన్ని మెట్లో
ఏ సర్వరూ చెప్పనిది
నా మోకాళ్లు నేర్చుకున్నాయి.
రొట్టె వాసనొస్తోందని ఒకావిడ దుప్పటి తిప్పి పంపింది.
ఆ వాసన కోసమే ఎలెయుతేరియో
ఆరిన కోటు మళ్లీ తడిపాడేమోనని నా అనుమానం.

పదిహేనో తారీకు. తొమ్మిది.

నా చొక్కా ఉందిగా, పదోది, అన్నాను.
"డబ్బెవరిస్తారు, నువ్వా? ఎవరికి, నీకా?"
చీటీ ముందు చాలాసేపు నిలబడింది.
"తొమ్మిదిలో ఆరు, రెండోసారి పిలిచినవాళ్లవి.
ఎన్ని వస్తాయనే రాశాను,
ఎవరు తిరిగొస్తారని రాయలేదు."
గీటు జరపడమా ఇది,
తప్పుడు ప్రశ్న వేశానని ఒప్పుకోవడమా?
రెంటికీ తేడా నాకింకా సరిగా తెలీదు.
ఆమెకూ తెలీదనుకుంటా,
కొత్త తారీకు పెన్సిల్‌తో వేసింది.

మర్నాడు పొయ్యి వెనక తాడు మీంచి
నా చొక్కా తీసి తొడుక్కున్నాను.
ఆరింది.
జేబులో ఫోను, ఫోనులో నురగ
ఇంకా పాస్‌వర్డ్ అడుగుతోంది.
మెట్లు ఎక్కుతున్నాను, భుజాన ఎవరిదో తడి.