నొక్కి ఉంచిన బటన్

బరంపురం గిరి రోడ్డులో గాజు బల్ల మీద
మూడు రకాల వాకీటాకీలు పేర్చి
పాఢీ బాబు ఒడియా యాస తెలుగులో చెప్పాడు:
"డబ్బా మీద ఐదు కిలోమీటర్లని రాసుంది కదా,
అది సముద్రం మీద మేడమ్.
మీ మహేంద్రగిరి మలుపుల్లో
కిలోమీటరు దాటితే నా పూచీ లేదు."
అబద్ధమాడని అంగడివాణ్ణి చూసి
మా ఆయనకి అనుమానం పట్టుకుంది.

పోయిన మాఘంలో ఆ కొండ మీదే
మంచు దిగి, ఫోన్లు చచ్చి,
లిప్సా గంటన్నర కనపడలేదు.
కుంతి గుడి వెనక మరమరాలు తింటూ దొరికింది.
ఆ గంటన్నర ఖరీదెంతో తెలుసు కనక
నేను బేరమాడలేదు.

పసుపుది పిల్లల చేతికి తేలిక, గోల ఎక్కువ.
నీలంది వానకి తడవదు,
నిమిషం దాటి నొక్కి ఉంచితే తనే నోరు మూసుకుంటుంది,
ఐదు వందలు ఎక్కువ.
నల్లది ఇటుక.
నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి.
"ఇంతకన్నా ఏటి కావాలి?" అన్నాడు పురుషోత్తం.
మిగిలిన ఐదు వందలకీ టోపీలు కొన్నాం.

వదలడమే అత్తయ్యకి రాలేదు.
వారం రోజులు వంటింటికీ డాబాకీ మధ్య లిప్సా నేర్పింది.
"చివర్న ఓవర్ అనాలి నానమ్మా."
"ఓవరేటే? ఇంకా చెప్పాల్సింది ఉంటేనూ?"

కొండ సగంలో మోకాళ్లు మొరాయించి
టీ బడ్డీ దగ్గర ఆగిపోయిందావిడ,
ఒళ్లో నల్ల ఇటుకతో.

భీముడి గుడి దగ్గర
లిప్సా మెడలో రేడియో గురగురలాడింది.
ముందు ఊపిరి. గాజుల చప్పుడు.
గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.
తర్వాత "బపాలో, కేతే ఉఁచ!"
తర్వాత నవ్వు.

నలభయ్యేళ్ల కిందట ఆస్కా నుంచి మా ఇంటికొచ్చి
ఆ భాషని పెట్టె అడుగున మడిచేసిన మనిషి
టీ కొట్టావిడతో
వాళ్ల నాన్న చెరుకు బళ్ల గురించి,
కదిలే బండిలోంచి గడ లాగబోయి
పడ్డ చెల్లెలి గురించి...
మాకు సగమే అందింది.
బళ్లో ఒడియా చదివే లిప్సాకి మొత్తం అందింది.
చెప్పమంటే చెప్పదు.

అటు నొక్కి ఉన్నంతసేపూ
ఇటు అరుపు ఒక్కటీ పోదు.
పురుషోత్తం నాలుగుసార్లు ప్రయత్నించి
రాయి మీద కూలబడ్డాడు.
వాళ్లమ్మ మాట్లాడుతుంటే
అంతసేపు నోరు మూసుకున్న కొడుకుని
అదే చూడ్డం నేను.

చార్జింగు అయిపోయేదాకా విన్నాం.

సోమవారం రసీదు వెతికి తీశాను:
నీలందానికి మార్చేద్దామా,
అదైతే నిమిషానికి ఆగిపోతుంది.
తలెత్తకుండా అన్నాడు,
"టోపీలు వాడేశాం కదా,
వాపసు తీసుకోడు."