నక్షత్రం గుర్తు

ఐదు నిమిషాలే నా వంతు.
సభాపతి కుర్చీ కింద బల్ల దగ్గర
నేనొక చెవిని, రెండు పెన్సిళ్లను.
తెలుగులో క్రియ చివర్న వస్తుంది.
ఇస్తాం, ఇవ్వం, పరిశీలిస్తాం:
అది పడేదాకా పెన్సిలు గాలిలోనే.

పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున నడిచేవాళ్లకి
ఈ తెల్ల గుమ్మటాలు ఒక మలుపు గుర్తు.
లోపల ఓటింగు గంట మోగితే
సగం బిస్కెట్ చాయ్‌లోనే వదిలేసి
క్యాంటీన్ నుంచి పరుగెత్తుకొస్తారు.
లెక్కకి తలలు కావాలి.

ఆ రోజు నూట పద్నాలుగో ప్రశ్న, నక్షత్రం గుర్తున్నది.
నక్షత్రముంటే మంత్రి లేచి నోటితో చెప్పాలి.
అడిగింది కుమ్ర జంగుబాయి, కొత్త సభ్యురాలు,
మైకు ఎక్కడ నొక్కాలో పక్కాయన చూపించాడు.
వాగు మీద వంతెన ఎప్పుడని.

మంత్రి చదివాడు.
రోడ్డు రాష్ట్ర జాబితా. అడవి ఉమ్మడి జాబితా.
అనుమతి ఫైలు ఢిల్లీలో.
మూడుసార్లు లేఖ రాశాం.

"మరి మొన్న ఆ నీళ్లల్ల పోయిన బాలింత
ఏ జాబితా, అధ్యక్షా?"

అటు బల్లలు చరిచారు, ఇటు లేచి నిలబడ్డారు.
గోలలో ఎవరెవరో ఏమేమో అన్నారు.
అవన్నీ రికార్డుల్లోంచి తొలగిస్తున్నామన్నారు పైనుంచి.
అన్నీ అంటే
ఆమె మాట కూడానా?
తల పైకెత్తి అడిగే హక్కు నా బల్లకి లేదు.

అదే వారం ఏకగ్రీవంగా ఒక బిల్లు పాసైంది.
నాంపల్లి నుంచి సోమాజిగూడకి
ఆటో అతను ఇరవై నిమిషాలంటాడు, ట్రాఫిక్ ఉంటే నలభై.
రాజ్‌భవన్ గేటు దాటి ఆ బిల్లుకి పదకొండు నెలలు.
సంతకమా, తిరుగు టపానా, రాష్ట్రపతి దగ్గరికా,
ఆ వాక్యానికి ఇంకా క్రియ పడలేదు.

సాయంత్రం టైపు చేస్తూ కూర్చున్నాను.
ఉర్దూ ప్రతి రాసే మక్బూల్ సాబ్ తన కాగితం తిప్పి చూపించాడు.
"జచ్చా" అని రాసుకున్నాడు.
"ఇదీ కొట్టెయ్యాల్నా అమ్మా?"
కొట్టేశాం, రెండు భాషల్లోనూ.
అచ్చులో ఆ చోట నాలుగు నక్షత్రాలుంటాయి.
వీటికి ఎవరూ లేచి జవాబు చెప్పక్కర్లేదు.

నా నోట్‌బుక్‌లో మాత్రం ఉంది.
బాలింతకి షార్ట్‌హ్యాండ్‌లో నాకు గీత రాదు,
యాభై ఏళ్ల ప్రసంగాల్లో ఎవరూ అన్నట్టు లేరు.
అక్కడికక్కడ కట్టాను:
ఒక వంపు,
వంపు మధ్యలో చుక్క,
మునిగేముందు కనిపించే తలంత.